సూది లేపినా ఆగని మోత: టర్న్‌టేబుల్ హమ్ ఎక్కడి నుంచి వస్తుంది?

రికార్డు ఇంకా మొదలు కాలేదు. సూది గాలిలోనే ఉంది. అయినా స్పీకర్లలో ఒక సన్నని మోత, చెవిలో జోరీగలా. వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతుంది. పాట బిగ్గరగా సాగుతున్నంతసేపు దాక్కుని, రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో మళ్ళీ బయటికొస్తుంది. టర్న్‌టేబుల్ వాడేవారిలో ఈ మోతతో పరిచయం లేనివారు అరుదు. దీనికే హమ్ అని పేరు.

హమ్ మాట ఎత్తగానే ఎదుటివారి నోట వచ్చే సలహా ఒకటే: గ్రౌండ్ తీగ (టర్న్‌టేబుల్ లోహ భాగాలను యాంప్లిఫయర్‌కు కలిపే విడి తీగ) చూసుకోండి. సలహాలో తప్పు లేదు, కానీ అది సగం నిజమే. గ్రౌండ్ తీగ బిగిస్తే పోయే హమ్ ఒకటి ఉంది. ఆ తీగను ఎన్ని చోట్లకు మార్చి బిగించినా చలించని హమ్ మరొకటి ఉంది. మొదటిది తీగల్లోని లోపం, రెండోది గాలిలోంచి వచ్చే అయస్కాంత క్షేత్రం. చెవికి రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఒకదానికి వాడాల్సిన మందు రెండోదానికి వాడి, కేబుళ్ళ మీద కేబుళ్ళు కొని, చివరికి టర్న్‌టేబుల్‌నే మార్చేసేవారు కనిపిస్తారు. ఏ హమ్ అన్నది ముందు తేలితే, మిగతా పని చాలావరకు ఖర్చు లేకుండా జరిగేదే.

గోరంతను కొండంత చేసే చోట

టర్న్‌టేబుల్‌కే ఈ బెడద ఎందుకు? సీడీ ప్లేయర్ నుంచి వచ్చే సంకేతం గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఉంటుంది. సూదిని పట్టుకుని, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం కార్ట్రిడ్జ్. అందులో అయస్కాంతం కదిలే రకం, అంటే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది, వెయ్యి హెర్ట్జ్ దగ్గర గాడి కదలిక వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, 3 నుంచి 5 మిల్లీవోల్టులు. తీగచుట్ట కదిలే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి అది 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులే. ఇంత చిన్న సంకేతాన్ని, యాంప్లిఫయర్‌కు ముందో దాని లోపలో ఉండే ఫోనో ప్రీయాంప్ మొదటి రకానికి సుమారు వంద రెట్లు, రెండో రకానికి సుమారు వెయ్యి రెట్లు పెంచుతుంది. దారిలో చొరబడిన ప్రతిదీ అదే లెక్కన పెరుగుతుంది.

పులి మీద పుట్రలా దీనికి తోడు ఈక్వలైజేషన్ ఒకటి. రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి కోస్తారు. వినిపించేటప్పుడు ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) ప్రమాణం ఇదే. దీని ప్రకారం వెయ్యి హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర ప్రీయాంప్ అదనంగా 17 డెసిబెల్ పెంచుతుంది, అంటే ఏడు రెట్లు. 100 హెర్ట్జ్ దగ్గర 13 డెసిబెల్, నాలుగున్నర రెట్లు. గోడలోని కరెంటు కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, కొన్నింటిలో 60. రెండూ సరిగ్గా ఈ పెంపు ప్రాంతంలోనే పడతాయి. ఉదాహరణకు 5 మిల్లీవోల్టుల సంగీతం పక్కన 5 మైక్రోవోల్టుల హమ్ చేరిందనుకుంటే, అది వెయ్యో వంతు, అంటే 60 డెసిబెల్ కింద. వినపడదనే అనిపిస్తుంది. ఈక్వలైజేషన్ దాటేసరికి ఆ దూరం 43 డెసిబెల్‌కు కుదించుకుపోతుంది. నిశ్శబ్దమైన గదిలో అది వినిపిస్తుంది.

మోతలోనే ఆనవాలు

పరికరాలు తీయకముందు కాసేపు చెవి పెట్టి వినడం మేలు. గుమ్మని, మెత్తగా, ఒకే స్వరంలా వినిపించే మోతలో 50 హెర్ట్జ్ ఎక్కువ. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం సాధారణంగా ఇలా వినిపిస్తుంది. జుర్రుమని, గరగరలాడుతూ, ఎగువ స్వరాలు కలగలిసి వినిపిస్తే అది వేరు: ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ల కరెంటు, లైట్ల డిమ్మర్లు, చార్జర్లు, గ్రౌండ్ లూపులు (గ్రౌండ్‌కు రెండు దారులు ఏర్పడి పుట్టే వలయాలు). వీటిలో 100 హెర్ట్జ్, దాని గుణిజాలు దట్టంగా ఉంటాయి. చెవి 50 హెర్ట్జ్‌ను సరిగా పట్టలేదు, పైస్వరాలను బాగా పడుతుంది. కాబట్టి గరగర కొంచెమే ఉన్నా ఎక్కువ విసిగిస్తుంది. చిన్న స్పీకర్లు 50 హెర్ట్జ్‌ను అసలు పలికించలేవు. పెద్ద స్పీకర్లు తెచ్చాక కొత్తగా హమ్ పుట్టిందని కంగారు పడనవసరం లేదు. అది ముందునుంచీ ఉన్నదే.

ఇక మూడోది అసలు హమ్ కాదు. సూది గాడిలో దిగి, పళ్ళెం తిరుగుతున్నప్పుడు మాత్రమే వచ్చే గుడగుడ. అది బేరింగ్ లేదా మోటారు కుదుపు సూదికి అందడం వల్ల వచ్చే రంబుల్. సూది లేపగానే పోతే అది యాంత్రికం, లేపినా ఉంటే విద్యుత్తుకు సంబంధించినది. మొట్టమొదటి పరీక్ష ఇదే, ఖర్చులేనిదీ ఇదే. ఎందుకో చాలామంది దీన్ని దాటేసి నేరుగా తీగల మీద పడతారు.

ఎవరిని వదిలేయాలో ముందు తేల్చడం

యాంప్లిఫయర్‌లో ఫోనో కాక మరో ఇన్‌పుట్‌కు తిప్పితే హమ్ అలాగే ఉందంటే, టర్న్‌టేబుల్‌కు దానితో సంబంధం లేదు. పోయిందంటే అనుమానం ఫోనో వైపుకు వస్తుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. టర్న్‌టేబుల్ తీగలను పీకేసి వింటారు. హమ్ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. ప్రీయాంప్ పాడైందని తీర్పు ఇచ్చేస్తారు. అసలు జరిగింది వేరు.

కరెంటు తీగ ఏదైనా దగ్గర ఉంటే, దానికీ ఫోనో ఇన్‌పుట్‌కూ మధ్య గాలే ఒక బుల్లి కెపాసిటర్‌లా పనిచేస్తుంది. 230 వోల్టుల తీగతో ఒక్క పికోఫారడ్ పాటి అతి చిన్న జత కుదిరినా 72 నానోఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఇన్‌పుట్‌కు కార్ట్రిడ్జ్ తగిలించి ఉంటే ఆ కరెంటు కార్ట్రిడ్జ్ తీగచుట్ట గుండా పోతుంది. చుట్ట నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే పుట్టే వోల్టేజి 72 మైక్రోవోల్టులు. ఏమీ తగిలించకపోతే దానికి మిగిలేది ప్రీయాంప్‌లోని 47 వేల ఓముల నిరోధమే. అక్కడ పుట్టేది 3.4 మిల్లీవోల్టులు, దాదాపు సంగీతం ఎంతో అంత. ఖాళీ ఫోనో ఇన్‌పుట్ మొరగడం సహజం. దాన్ని పరీక్షించాలంటే మధ్య పిన్నును, బయటి వలయాన్ని కలిపి అతికించిన ఆర్‌సీఏ ప్లగ్గు (టర్న్‌టేబుల్ కేబుల్ చివర ఉండే రకం) ఒకటి రెండు చానళ్ళలోనూ పెట్టాలి. పెట్టేముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాలి. అలా పెట్టినప్పుడు నిశ్శబ్దంగా ఉంటే ప్రీయాంప్ నిర్దోషి.

ఇదే లెక్క మరో సంగతీ చెబుతుంది. ఒక చానల్‌లో పాట లేదు, గట్టి హమ్ మాత్రమే ఉందంటే ఆ చానల్ తీగ ఎక్కడో తెగిందని దాదాపు ఖాయం. కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్‌లోని సన్నని తీగల క్లిప్పులు కార్ట్రిడ్జ్ పిన్నులకు వదులుగా ఉండటం, ఊడదీసే హెడ్‌షెల్ వెనకనున్న నాలుగు స్పర్శ బిందువులు మసిబారటం, ఆటోమేటిక్ టర్న్‌టేబుళ్ళలో ధ్వనిని ఆపే స్విచ్చు మురికిపట్టటం ఇందులో తరచుగా కనిపించేవి. హెడ్‌షెల్‌ను విప్పి, ఆ బిందువులను తుడిచి, మళ్ళీ బిగిస్తే సగం ఇళ్ళలో కథ అక్కడితో ముగుస్తుంది.

హమ్ ఒక్క చానల్‌లోనే ఉంటే ప్రీయాంప్ దగ్గర ఎడమ, కుడి ప్లగ్గులు తారుమారు చేయాలి. హమ్ కూడా పక్క మార్చిందా, దోషం టర్న్‌టేబుల్ వైపు. ఉన్నచోటే ఉందా, ప్రీయాంప్ వైపు. ఇదే తారుమారు హెడ్‌షెల్ క్లిప్పుల దగ్గర చేస్తే కార్ట్రిడ్జ్‌కూ, హెడ్‌షెల్‌ను మోసే ఆర్మ్ తీగలకూ మధ్య తీర్పు వస్తుంది, కానీ ఆ క్లిప్పులు చాలా నాజూకు. అవసరం పడితేనే చేయాలి.

గ్రౌండ్ తీగకు లొంగనిది

ఇప్పుడు అసలు చిక్కు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో వెంట్రుక కంటే సన్నని తీగ వేల చుట్లు ఉంటుంది.  సూదిని మోసే సన్నని కడ్డీ రెండో చివరనున్న చిట్టి అయస్కాంతం కదిలినప్పుడు ఆ చుట్టలో వోల్టేజి పుడుతుంది. ఫారడే 1831లో చూపిన సూత్రమే. తీగచుట్టకు తెలిసింది అయస్కాంత క్షేత్రం మారడం ఒక్కటే. ఆ మార్పు సూది తెచ్చిందా, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిందా అన్న విచక్షణ దానికి లేదు. అంటే ప్రతి కార్ట్రిడ్జ్ పుట్టుకతోనే ఒక హమ్ గ్రాహకం. తయారీదారులు చుట్టలను లోహ కవచంలో పెట్టో, ఒక్కో చానల్‌కు రెండు చుట్టలు ఎదురెదురు దిశల్లో కలిపి బయటి క్షేత్రం వాటంతటవే రద్దయ్యేలా చేసో దాన్ని అదుపులో ఉంచుతారు. ఎలక్ట్రిక్ గిటార్ల హమ్‌ను అణచడానికి గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ 1955లో రూపొందించిన హంబకర్ పికప్పుదీ ఈ ఎదురు చుట్టల ఉపాయమే.

అన్ని కార్ట్రిడ్జ్‌లకూ ఆ రక్షణ ఒకే స్థాయిలో ఉండదు. గ్రాడో అనే సంస్థ కార్ట్రిడ్జ్‌లు కొన్ని ఏసీ మోటారు టర్న్‌టేబుళ్ళ మీద హమ్ పట్టడం ఎంత ప్రసిద్ధమంటే, దానికి గ్రాడో హమ్ అనే పేరే స్థిరపడింది. దాని లక్షణం విచిత్రంగా ఉంటుంది: రికార్డు అంచున ఉన్నప్పుడు మోత తక్కువ, ఆర్మ్ మధ్యకు జరిగేకొద్దీ మోత ఎక్కువ. పళ్ళెం కింద మోటారు ఉన్నచోటికి కార్ట్రిడ్జ్ దగ్గరవుతుండటమే కారణం. అది కార్ట్రిడ్జ్ చెడ్డదనో, టర్న్‌టేబుల్ చెడ్డదనో చెప్పదు. ఆ ఇద్దరికీ జోడీ కుదరలేదు, అంతే. అదే కార్ట్రిడ్జ్ డీసీ మోటారున్న మరో టర్న్‌టేబుల్ మీద నోరు మెదపకపోవచ్చు.

అయస్కాంత హమ్‌ను గుర్తించే పద్ధతి కూడా ఇందులోనే ఉంది. సూదికి తొడుగు పెట్టి, పళ్ళెం ఆపి, వాల్యూమ్ కాస్త పెంచి, ఆర్మ్‌ను చేత్తో నెమ్మదిగా అటూ ఇటూ జరపాలి. స్థానాన్ని బట్టి మోత మారితే అది క్షేత్రం పనే. మోటారు వేసినప్పుడే వస్తే దొంగ మోటారు. మోటారు ఆపినా ఉండి, ఆర్మ్‌ను యాంప్లిఫయర్ వైపు తిప్పితే పెరిగితే యాంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్. ఎటు జరిపినా మార్పే లేకపోతే అప్పుడు గ్రౌండ్ గురించి ఆలోచించాలి. ఆర్మ్ లోహాన్ని చేతితో తాకగానే మోత మారితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది: ఆర్మ్‌కు గ్రౌండ్ అందడం లేదు.

క్షేత్రానికి విరుగుడు దూరం. ట్రాన్స్‌ఫార్మర్ లాంటి చిన్న మూలం నుంచి వచ్చే క్షేత్రం, దాని పరిమాణంతో పోలిస్తే తగినంత ఎడంగా ఉన్నప్పుడు, దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. ఎడం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది, డెసిబెల్‌లో 18. వేలు పోసి కొన్న కేబుల్ ఏదీ ఇంత మేలు చేయదు. టర్న్‌టేబుల్‌ను నేరుగా యాంప్లిఫయర్ నెత్తిన పెట్టడం చూడటానికి ముచ్చటగా ఉండవచ్చు గానీ, అంతకంటే చెడ్డ చోటు లేదు. ఎడంగా జరిపే వీలు లేకపోతే యాంప్లిఫయర్‌ను లేదా ప్రీయాంప్ అడాప్టర్‌ను 90 డిగ్రీలు తిప్పి చూడాలి. క్షేత్రానికి దిశ ఉంటుంది, చుట్టకూ దిశ ఉంటుంది. రెండూ లంబంగా పడినప్పుడు మోత బాగా తగ్గుతుంది. వలయాకారపు ట్రాన్స్‌ఫార్మర్లు మామూలు పలకల ట్రాన్స్‌ఫార్మర్ల కంటే బయటికి తక్కువ క్షేత్రం వదులుతాయి.

అల్యూమినియం రేకు చుట్టడం అనే చిట్కా తరచుగా వినిపిస్తుంది. విద్యుత్ క్షేత్రాన్ని అది ఆపుతుంది, నిజమే. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ముందు అది లేనట్టే. ఆ పౌనఃపున్యం దగ్గర అల్యూమినియం కంటే మేలైన రాగిలోకి కూడా క్షేత్రం సుమారు 9 మిల్లీమీటర్ల లోతు వెళితే గాని మూడో వంతుకు దరిదాపుగా తగ్గదు. వంటింటి రేకు మందం ఎంతో ఊహించుకోవచ్చు. అయస్కాంత క్షేత్రాన్ని మళ్ళించగలిగేది మ్యూమెటల్ లాంటి నికెల్-ఇనుము మిశ్రమలోహం. దాన్ని వంచినా, దెబ్బ తగిలినా గుణం తగ్గిపోతుంది. మళ్ళీ వేడిచేసి శుద్ధి చేస్తే తప్ప రాదు. పెట్టేచోటు కూడా ముఖ్యం. మోటారు చుట్టూ పెడితే ప్రయోజనం. కార్ట్రిడ్జ్ కింద, మ్యాట్ అడుగున ఇనుప రేకు పరిచే ప్రయోగం మాత్రం వద్దు. కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతాన్ని ఇనుము కిందికి లాగుతుంది, సూది మీద భారం పెరుగుతుంది. ఇనుప పళ్ళెంతో వచ్చిన థోరెన్స్ టీడీ 124 మీద బలమైన అయస్కాంతాలున్న మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లు పెట్టేవారికి ఈ లాగుడు పాత అనుభవమే.

అయిదో తీగ ఎందుకు

క్షేత్రం కాదని తేలాక తీగల వంతు. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులుంటాయి: తెలుపు ఎడమ సంకేతం, నీలం ఎడమ తిరుగుదారి, ఎరుపు కుడి సంకేతం, ఆకుపచ్చ కుడి తిరుగుదారి. గమనిస్తే ఇందులో గ్రౌండ్ అన్నదే లేదు. రెండు చుట్టలకు నాలుగు కొసలు, దేనికీ అంటకుండా తేలుతున్నాయి. అంటే కార్ట్రిడ్జ్ స్వభావరీత్యా బ్యాలెన్స్‌డ్ మూలం, రెండు కొసల్లో ఏదీ గ్రౌండ్ కాదు. స్టూడియోలో మైక్రోఫోన్లను కలిపినట్టు, రెండు కొసలను రెండు తీగల్లో తెచ్చి, ఆ తీగల చుట్టూ ఉండే లోహ కవచాన్ని విడిగా ఉంచితే చాలా గ్రౌండ్ సమస్యలు పుట్టవు. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్‌లు చేసేది అదే. ఆర్‌సీఏ ప్లగ్గులో మాత్రం సంకేతం తిరుగుదారీ, కవచమూ ఒకే లోహ వలయం. కవచం పట్టిన చెత్త కరెంటు, సంగీతం నడిచే దారిలోనే నడుస్తుంది.

ఈ లోటును పూడ్చడానికి వచ్చిందే అయిదో తీగ, అంటే గ్రౌండ్ తీగ. ఆర్మ్, హెడ్‌షెల్, టర్న్‌టేబుల్ లోహ భాగాలు విద్యుత్ క్షేత్రాన్ని పడతాయి. వాటిని సంకేతంతో కలపకుండా, విడి తీగతో యాంప్లిఫయర్ వెనకనున్న గ్రౌండ్ మరకు చేర్చాలి. సూత్రం ఒక్కటే: ఈ లోహమంతా సంకేతపు గ్రౌండ్‌ను ఒకే ఒక్క చోట, యాంప్లిఫయర్ దగ్గర మాత్రమే కలవాలి. ఎక్కడా కలవకపోతే హమ్, రెండు చోట్ల కలిసినా హమ్. సలహాలిచ్చేవారు మొదటి సగం చెప్పి రెండో సగం మరిచిపోతుంటారు. ఆ మర కింద రంగు పూత ఉంటే తీగ బిగించినా స్పర్శ ఉండదు. గోడలోని ఎర్త్‌కు కలపాల్సిన తీగ ఇది కాదని కూడా గుర్తుంచుకోవాలి. అలా కలిపితే కొత్త లూపును చేతులారా తయారు చేసుకున్నట్టే.

అయిదో తీగ కనిపించకపోతే వెంటనే లోపమనుకోకూడదు. రీగా టర్న్‌టేబుళ్ళు విడి గ్రౌండ్ తీగ లేకుండా, ఆర్మ్‌ను ఒక చానల్ తిరుగుదారికి లోపలే కలిపే పద్ధతిలో ప్రసిద్ధి. వాటికి బయటినుంచి మరో తీగ తగిలిస్తే రెండోసారి కలిపినట్టు.

రెండోసారి కలపడం అన్నది ఎక్కువగా, ఎవరూ చూడని చోట జరుగుతుంది: కార్ట్రిడ్జ్ వెనక. కొన్ని కార్ట్రిడ్జ్‌లలో లోహ కవచాన్ని ఒక చానల్ తిరుగుదారి పిన్నుకు కలిపే చిన్న రేకు ముక్క ఉంటుంది. ఉద్దేశం మంచిదే, కవచం తేలుతూ ఉండకూడదు. ప్లాస్టిక్ హెడ్‌షెల్‌లో ఆ రేకు ఉండటమే మేలు. లోహపు హెడ్‌షెల్‌లో లోహపు మరలతో బిగించగానే కార్ట్రిడ్జ్ కవచం హెడ్‌షెల్‌ను తాకుతుంది, హెడ్‌షెల్ ఆర్మ్‌ను, ఆర్మ్ అయిదో తీగను. ఇప్పుడు ఆ చానల్ తిరుగుదారికి యాంప్లిఫయర్ దాకా రెండు దారులు. రెండు దారులు కలిస్తే వలయం, వలయం మళ్ళీ ఒక చుట్ట.

ఆ చుట్ట ఎంత పడుతుందో లెక్క వేయవచ్చు. మీటరు పొడవున రెండు తీగలు 5 సెంటీమీటర్ల ఎడంగా పోతే వాటి మధ్య వైశాల్యం 0.05 చదరపు మీటరు. అక్కడ ఒక మైక్రోటెస్లా క్షేత్రం 50 హెర్ట్జ్‌లో ఊగుతుంటే ఆ వలయంలో సుమారు 16 మైక్రోవోల్టులు పుడతాయి. అందులో కొంత భాగమే సంకేతంలో కలిసినా, పైన వేసిన 5 మైక్రోవోల్టుల లెక్క గుర్తుంటే, వినపడటానికి అది చాలు. అయిదో తీగను కేబుళ్ళకు ఆనించి కట్టేస్తే వైశాల్యం తగ్గుతుంది. కుడి, ఎడమ కేబుళ్ళను కూడా విడివిడిగా పోనీయక జతగా ఉంచడం ఇందుకే.

ఈ రేకు ముక్క అనుమానం ఒక్క చానల్‌లోనే, ఆ పిన్ను ఉన్న చానల్‌లోనే హమ్ వస్తున్నప్పుడు బలపడుతుంది. దాన్ని తేల్చుకోవడానికి రేకును పీకేయాల్సిన పనిలేదు. కార్ట్రిడ్జ్‌కూ హెడ్‌షెల్‌కూ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క పెట్టి, నైలాన్ మరలతో బిగిస్తే చాలు. హమ్ పోతే కారణం దొరికింది. అప్పుడు ఆ ఏర్పాటునే ఉంచుకోవచ్చు, లేదా తయారీదారు తీయదగ్గదిగా ఇచ్చిన రేకైతే తీసేయవచ్చు. ప్లాస్టిక్ ముక్క మందంతో కార్ట్రిడ్జ్ కాస్త కిందికి దిగుతుంది కాబట్టి ఆర్మ్ ఎత్తు, సూది భారం మళ్ళీ సరిచూసుకోవాలి. రేకున్న కార్ట్రిడ్జ్‌కే ఇంకో ముప్పు: ఆ చానల్ రెండు తీగలు పొరపాటున తారుమారైతే కవచం సంకేతపు కొసకు అంటుకుంటుంది. లోహపు హెడ్‌షెల్‌లో అప్పుడు ఆ చానల్ గ్రౌండ్‌తో కలిసిపోయి గొంతు మూగబోతుంది. ప్లాస్టిక్ హెడ్‌షెల్‌లోనైతే కవచమే యాంటెన్నాగా మారి మోత మోగుతుంది.

తీగల వరుస సరిగా ఉందో లేదో మల్టీమీటర్ నిమిషాల్లో చెబుతుంది. ముందుగా కార్ట్రిడ్జ్ క్లిప్పులు తీసేయాలి. మీటరు పంపే కరెంటు మూవింగ్ కాయిల్ సన్నని చుట్టకు మంచిది కాదు, పైగా కొలవాల్సింది తీగల్నే. టర్న్‌టేబుల్ ప్లగ్గులు యాంప్లిఫయర్ నుంచి ఊడదీసి ఉండాలి. తెలుపు ఎడమ ప్లగ్గు మధ్య పిన్నుకు, నీలం దాని బయటి వలయానికి, ఎరుపు, ఆకుపచ్చ కుడి ప్లగ్గుకు అదే వరుసలో పలకాలి, అంటే మీటరు వాటి మధ్య సంబంధం చూపాలి. ఆర్మ్ లోహం అయిదో తీగ కొసకు పలకాలి, మిగతా నాలుగింటిలో దేనికీ పలకకూడదు. రెండు ప్లగ్గుల బయటి వలయాల మధ్య కూడా సంబంధం ఉండకూడదు. ఉంటే అవి టర్న్‌టేబుల్ లోపలే ఎక్కడో కలిసిపోయాయని అర్థం. లోపలే ప్రీయాంప్ ఉన్న టర్న్‌టేబుళ్ళకు ఈ చివరి నియమం వర్తించదు. రీగా లాంటి అమరికకు తగిన మినహాయింపు ఇవ్వాలి. పాత టర్న్‌టేబుళ్ళలో ఆర్మ్ అడుగున గ్రౌండ్ తీగ అతుకు ఊడి ఉండటం ఈ కొలతలో తరచుగా బయటపడుతుంది.

గది అవతలి నుంచి

టర్న్‌టేబుల్ అంతా సవ్యంగానే ఉండి, గరగర మాత్రం వదలకపోతే బయటి పరికరాల వైపు చూడాలి. యాంప్లిఫయర్‌కు కలిసిన మిగతావన్నీ ఊడదీసి, ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ వినాలి. కేబుల్ టీవీ తీగ తన సొంత ఎర్త్‌ను వెంట తెచ్చుకుంటుంది. అది యాంప్లిఫయర్ ఎర్త్‌తో కలిసి భవనమంత పెద్ద లూపు అవుతుంది. యాంటెన్నా తీగలో పెట్టే ఐసొలేటర్ దీనికి మందు. రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు యూఎస్‌బీ తీగ ఇదే పని చేస్తుంది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే మోత పోయిందంటే అనుమానం తీరినట్టే. లోపలే ప్రీయాంప్ ఉన్న టర్న్‌టేబుళ్ళను నడిపే రెండు పిన్నుల అడాప్టర్లు మరో మూలం. వాటిలో చాలావాటి నుంచి లోపలి చిన్న కెపాసిటర్ గుండా కొద్దిపాటి కరెంటు అవుట్‌పుట్ వైపు కారుతూ ఉంటుంది. టర్న్‌టేబుల్ గ్రౌండ్‌ను యాంప్లిఫయర్ పెట్టెకు కలిపితే ఆ కరెంటుకు వేరే దారి దొరుకుతుంది. ఆ ప్రీయాంప్ స్విచ్చు ఎటుందో కూడా చూడాలి. దాన్ని వేసి ఉంచి, మళ్ళీ యాంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌కే ఇస్తే ఈక్వలైజేషన్ రెండుసార్లు జరిగి, పాట ముద్దగా వికారంగా మారి, హమ్ ఉప్పెనలా పెరుగుతుంది.

గ్రౌండ్ లూపు తెంచడానికి యాంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేయమనే సలహా కూడా తిరుగుతుంటుంది. మోత ఆగవచ్చు. ఆ పిన్ను ఉన్నది మోత కోసం కాదు. లోపల తీగ ఊడి పెట్టెకు తగిలినప్పుడు తాకిన మనిషి ప్రాణం కాపాడటానికి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

మూవింగ్ కాయిల్ లెక్క

సంకేతం పదో వంతు కాబట్టి మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌కు హమ్ పది రెట్లు ఎక్కువని అనిపిస్తుంది. అంత కాదు. చుట్లు తక్కువ కాబట్టి అయస్కాంత క్షేత్రాన్ని అది తక్కువే పడుతుంది. నిరోధం పది ఓములు అనుకుంటే, పైన వేసిన పికోఫారడ్ లెక్కలో పుట్టే వోల్టేజి ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. విద్యుత్ క్షేత్రం దాన్ని పెద్దగా కదిలించలేదు. దాని బలహీనత లూపులే. తిరుగుదారిలో కలిసిన కొన్ని మైక్రోవోల్టులు చుట్ట నిరోధాన్ని లెక్కచేయవు, వాటిని తర్వాతి మెట్టు వెయ్యి రెట్లు పెంచుతుంది.

స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ వాడితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఒకటికి పది చుట్ల నిష్పత్తి ఉన్నది 20 డెసిబెల్ పెంపును దాదాపు అదనపు రొద లేకుండా ఇస్తుంది గానీ, అది స్వయంగా ఒక ట్రాన్స్‌ఫార్మర్. క్షేత్రాలకు అదీ చెవి ఒగ్గుతుంది. మంచివాటిని మ్యూమెటల్ డబ్బాలో పెట్టేది అందుకే. దాన్ని యాంప్లిఫయర్ పక్కన శాశ్వతంగా బిగించేముందు, హెడ్‌ఫోను పెట్టుకుని, చేతిలో పట్టుకుని అన్ని వైపులా తిప్పి చూడాలి. ఏదో ఒక కోణంలో మోత చప్పున పడిపోతుంది. దాని పెట్టెకు గ్రౌండ్ మర ఉంటే టర్న్‌టేబుల్ అయిదో తీగ అక్కడికి, అక్కడి నుంచి మరో తీగ ప్రీయాంప్‌కు. గ్రౌండ్‌ను విడదీసే స్విచ్చు ఉన్నవాటిలో రెండు స్థానాలూ విని చూడటమే పద్ధతి. ఏది సరైనదో ముందే చెప్పే లెక్క లేదు, మిగతా పరికరాల అమరికను బట్టి మారుతుంది.

ఇంత చేశాక కూడా వాల్యూమ్ చివరిదాకా తిప్పితే కాస్త మోత మిగిలే ఉంటుంది. దాన్ని కొలవాల్సింది అలా కాదు. రోజూ వినే వాల్యూమ్ దగ్గర, రోజూ కూర్చునే చోట, సూదిని రికార్డు మొదటి ఖాళీ గాడిలో దించాలి. గాడి చేసే సుస్‌స్ అన్న శబ్దం కింద హమ్ మునిగిపోతే పని అయిపోయినట్టే, స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టేయవచ్చు.